ఒక స్క్రూ మిగిలింది

ఆలుగడ్డ బావి బ్రిడ్జి కింద
మోకాలి లోతు నీళ్లల్ల ఆగిపోయింది బండి.
పాత మారుతి. మూడు సిలిండర్లు.
నాకంటే ముందు ముగ్గురు నడిపిన్రు,
ఆర్సీల మూడు పేర్లు,
సీట్ల మీద మూడు రకాల మరకలు.

తోసింది ఇద్దరు డెలివరీ పోరగాళ్లు,
మూడోది నేను, కుచ్చిళ్లు బొడ్లె దోపుకొని.
వారాసిగూడ గడ్డ ఎక్కేసరికి
ఒకడు రొప్పుకుంట అన్నడు:
"అక్కా, తూకానికి అమ్మెయ్యరాదు?"

తూకానికా?
రెండు పెండ్లి సీజన్లు
రాత్రి రెండింటిదాక జాకిట్లు కుట్టి కొన్న.
దీని ఒక్కొక్క టైరు ఎన్ని హుక్కులో
నా ఏళ్లకు ఎరుక.

ఖలందర్ భాయ్ దవాఖానల ఉన్నడు, మోకాలి ఆపరేషన్.
మంచం మీదికెళ్లే ఫోన్ల చెప్పిండు:
"డిస్ట్రిబ్యూటర్లకు నీళ్లు పోయినయ్, ఇంకేం లే.
మూత తియ్యి, తుడువు, పెట్టు.
వైర్లు మాత్రం ఎక్కడియి అక్కడనే పెట్టాలె బేటీ.
మారితే బండి దగ్గుతది."

ఆదివారం పొద్దున. షట్టరు సగమే లేపిన.
చాక్ ముక్కతోని వైర్ల మీద రాసిన:
ఒకటి, రెండు, మూడు.
మూత తీస్తే లోపల మూడు మొనలు,
నడుమ బొగ్గు బొట్టు, చుట్టు తడి.
లైనింగు గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె తిప్పి
వేడి వేడిగ అద్దిన,
చంటిపిల్లకు జలుబు చేస్తే ఛాతి మీద కాపినట్టు.

తెరిచినంక ఊకుంటమా.
బ్యాటరీ కొసలకు పచ్చగ పూసిన ఉప్పు
వంటసోడా నీళ్లకు బుసబుస పొంగి పోయింది.
ఫిల్టరు గోడకు కొడితే
మెట్రో పిల్లర్లు లేపిన నాటి దుమ్మంత రాలింది,
ఎదురింటి ముసలమ్మ కొంగు అడ్డం పెట్టుకొని తిట్టింది.
ప్లగ్గులు గరుకు కాయితంతోని రుద్దిన.
సందు ఎంతుండాలె భాయ్?
"పెండ్లి కార్డు ఒక్క మడత."
కార్డులకేం తక్వ నా దుకాన్ల!
పోయిన మాఘమాసం పెండ్లికూతురు
ఇంకా బాకీ ఉన్నది నాకు,
దాని కార్డుతోనే కొలిచిన.
డోరు కిర్రుమంటే మిషిన్ నూనె రెండు సుక్కలు.

అన్ని బిగిచ్చి తాళం తిప్పిన.
దగ్గింది.
మళ్ల తిప్పిన. దగ్గి, తుమ్మి, ఊకున్నది.

బానెట్ లేపి చూస్తే
చెమట చేతులకు ఒకటి మిగిలింది,
రెండు, మూడు చెరిగిపోయినయ్.
ఇరవై ఏండ్లు చాక్ పట్టిన దాన్ని, నాకు తట్టలే:
తుడిస్తే పోవాలనే కదా దాన్ని చేసింది.
కుట్టు నిలవాలె, గీత పోవాలె.
మరి కుట్టు ఏది ఇక్కడ?

రెండు వైర్లు అటుదిటు మార్చిన.
తాళం తిప్పితే
గల్లీ కుక్క లేచి పక్కకు జరిగింది.
మూడు సిలిండర్లు ఒక్క గొంతు.
అప్పుడు ఎర్రది, పసుపుది, ఆకుపచ్చది
మూడు దారాలు తీసి
వైర్లకు ముడేసిన, గట్టిగ, రెండు సుట్లు.

సామాన్లు సదురుతుంటే
ట్రేల ఒక స్క్రూ కనిపించింది.
ఎక్కడిదో.
ఫిల్టరు డబ్బదా? దీపం వెనుకదా?
బండిదేనా అసలు?
భాయిని అడిగితే నవ్విండు:
"నడుస్తుందా? నడవనీ.
నా దుకాన్ల ఇసొంటియి డబ్బడు ఉన్నయ్."

ఇప్పుడు అది నా గుండీల డబ్బల ఉన్నది.
ట్యాంక్‌బండ్ మీద నలభై దాటితే
ఎడమ దిక్కు నుంచి సన్నగ గలగల.
రేడియో పెంచుత. మళ్ల తగ్గించి వింట.

జాకిటుకు హుక్కు కావాలని డబ్బల చెయ్యి పెడితే
ముందు అదే తగులుతది, సల్లగ.
కస్టమరు ముందట పట్టుకొని ఒక నిమిషం చూస్త.
నీ తావు ఇంకా దొరకలే, ఆగు అని
మళ్ల గుండీల్లోకి జారవిడుస్త.