చల్లటి చోటు

కనిగిరి వీధుల్లో రోజంతా తిప్పినా ఏం కాదు.
కందుకూరు దాకా బుద్ధిగానే వస్తుంది.
ఉలవపాడు దాటి, హైవే ఎక్కి,
ఎనభైలో ఓ అరగంట నిలకడగా పోనిచ్చానా,
తెట్టు దగ్గర ముల్లు కదులుతుంది.
మొదట సన్నగా,
నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు.
ఆ తర్వాత ఎర్రగీత మీదెక్కి కూచుంటుంది.

ఏసీ ఆపేస్తాను. అద్దాలు దించుతాను.
మే నెల ఎండలో హీటరు పెడతాను,
ఇంజను కాకలో కొంత మా మీదికి లాక్కుందామని.
నెల్లూరు ఆసుపత్రికి పోయే పెంచలమ్మ గారు
"ఏంది నాయనా, కుమ్ములో పెట్టి కాలుస్తుండావా మమ్మల్ని" అంటుంది.
తుమ్మచెట్టు నీడ చూసి ఆపుతాను.
బానెట్ ఎత్తుతాను. మూత మీద మాత్రం చెయ్యి వెయ్యను.
ఒకసారి వేశాను.
ముంజేతి మీద మచ్చ ఇంకా ఉంది, జీడిగింజంత.

ఈ రోగానికి మందు చెప్పనివాడు లేడు.
సింగరాయకొండలో ఒకాయన థర్మోస్టాట్ పీకి
"మన ఎండలకి ఇది దండగ" అని చేతిలో పెట్టాడు.
ఒంగోల్లో వాటర్ పంపు మార్చారు. ఫ్యాను బెల్టు మార్చారు.
హెడ్ గాస్కెట్ పోయిందని ఇంకొకాయన అంటే
రెండు రాత్రులు నిద్రలేదు నాకు.
పెంచలమ్మ గారి వియ్యపురాలు నిమ్మకాయ కట్టమంది. కట్టాను.
అన్నిట్లోకీ చవక అదే.

కావలిలో సందాని పానా ముట్టుకోలేదు.
స్టూలు మీద కూచుని అడిగాడు.
"ఊళ్ళో కాగదు గదా?"
కాగదు.
"పరిగెత్తేటప్పుడే ఆయాసం."
అవును.
"తగ్గితే ఏ నీళ్ళు పోస్తావు?"
మా ఇంటి బోరు నీళ్ళే.
అప్పుడు తలెత్తి నా మొహం చూశాడు.
మొహం కాదు, పళ్ళు.
"ఏ ఊరని అడగబన్లేదులే," అన్నాడు.
నేను నోరు మూసుకున్నాను.

పాత సుమోని గంటసేపు దౌడు తీయించుకొచ్చి, ఆపి,
రేడియేటర్ ముందు గొంతుక్కూచున్నాడు.
పిల్లాడి ఒళ్ళు చూసినట్టు అరచెయ్యి ఆనించీ ఆనించకుండా జరిపాడు.
"కాక యాడుందో అందరూ చూస్తారబ్బయ్యా.
చల్లగా యాడుందో చూడాల."
నా మణికట్టు పట్టి కిందికి దించాడు.
పైన చుర్రుమంది, మధ్యలో వేడి,
ఎడమపక్క దిగువన ఉన్నట్టుండి
నీళ్ళకుండ అడుగులా చల్లగా తగిలింది.
"ఈడికి నీళ్ళు రావడంలా.
ఊళ్ళో తిరగడానికి సగం గొట్టాలు చాలు.
దూరం పోవాలంటే అన్నీ కావాల."

టంకం కరిగించి పైతొట్టి ఊడదీశాడు.
ఒక్కో గొట్టం నోట్లో తెల్లటి గార,
కాఫీగిన్నె అడుగున పట్టేదే.
సన్నటి ఉక్కుబద్ద పెట్టి పొడుస్తుంటే
పాత పేపరు మీద పెళ్ళలు పెళ్ళలుగా రాలింది.
ఇరవై రెండు గొట్టాలు, నేనే లెక్కపెట్టాను.
ఒక పెళ్ళ వేళ్ళమధ్య నలిపాను. తేలిగ్గా నలగలేదు.
మా వీధిలో నలభై దాటితే మెడ తిరగదు,
పిలిస్తే మనిషంతా తిరుగుతాడు.
ఇది సున్నం, ఆ జబ్బు వేరే అంటారు చదువుకున్నవాళ్ళు.
బోరు ఒకటే.

థర్మోస్టాట్ మళ్ళీ పెట్టాడు, తీసినవాణ్ణి తిడుతూ.
పచ్చటి కూలెంటు పోశాడు.
ఇకమీదట తగ్గితే ప్లాంటు నీళ్ళే పొయ్యమని
డిక్కీలో ఒక డబ్బా పెట్టించాడు.

తెట్టు దగ్గర ఊపిరి బిగబట్టాను.
ముల్లు సగంలో నిలబడింది.
పెంచలమ్మ గారు నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

ఇంటికొచ్చేసరికి రాత్రయింది.
మా చిన్నదానికి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి.
లేపి, బండి టార్చి వేసి, "ఈ" అనమన్నాను.
"ఏముంది నాన్నా?" అంది కళ్ళు చికిలిస్తూ.
ఒకటిన్నర పన్ను. ఇంకా తెల్లగానే ఉంది.

డిక్కీ తీసి డబ్బా దించాను.
కుండలో బోరు నీళ్ళు పారబోసి, అవి నింపాను.
బండి రేపటిదాకా ఆగుతుంది.