ఎత్తిన చెయ్యి

యార్క్‌టన్‌లో బయట మైనస్ ముప్ఫై.
కంట్రోలర్ నా ఒళ్లో పడేసి
స్నానానికెళ్ళాడు మనవడు డానిలో.

నీలిగీత దాటానో లేదో, ఈల.
మళ్ళీ దాటాను. మళ్ళీ.
"పక్ కంటే ముందు నువ్వెళ్ళకూడదు బామ్మా!"
తలుపు సందులోంచి సబ్బునురగ గొంతు.

పీడా పోతుందని
మా సగంలోంచే ఒక్క విసురు విసిరాను.
తెరమీద చారల చొక్కావాడు
చెయ్యి నిటారుగా ఎత్తి ఆగాడు.
ఈల ఇంకా పడలేదు.

"ఐసింగ్" అన్నాడు డానిలో, జుట్టు కారుతుండగా.
"ఆ చెయ్యికి అదే అర్థం."

కేకు మీది ఐసింగే తెలుసు నాకు,
ముప్ఫై శీతాకాలాలు
రింకు క్యాంటీన్‌లో పెరోగీలు వేయించినదాన్ని.

ఒరెస్ట్, మా ఆయన, లైన్స్‌మన్.
ఆట మధ్యలో అలా చెయ్యెత్తితే
నాకోసమే అనుకునేదాన్ని.
గరిటె పట్టుకునే
నేనూ ఊపేదాన్ని.