ఎడమవైపు గీత

జనవరిలో డులూత్‌లో
మోటార్‌సైకిల్ మాటెత్తితే
పిచ్చివాళ్ళ కింద జమకడతారు.
సరస్సు గడ్డకట్టింది. ఓడలు రేవులో పడుకున్నాయి.
నేను పెట్రోలు ట్యాంకుని పాత దుప్పట్లో చుట్టి
పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి
ఆర్నీ సాల్మెలా షెడ్డుకి తీసుకెళ్ళాను.

రాత్రిళ్ళు నేను నడిపేది మంచు తోసే బండి.
కాఫీ డబ్బాలో ఉన్నది ఓవర్‌టైం డబ్బు,
సరిగ్గా చెప్పాలంటే పద్నాలుగు తుఫాన్లు.

"ఏ రంగు?"
"ఎరుపు."
"ఎరుపంటే?"
ఒక చెక్కపలక తీసి నా ముందు పెట్టాడు.
ఇటుక ఎరుపు, చెర్రీ ఎరుపు,
ఆరిన నెత్తురు, ఆరని నెత్తురు,
చలికి కందిన చెవి.
ఇన్నేళ్ళూ వీటన్నిటినీ
ఒక్క మాటతో సరిపెట్టుకున్నాను కదా అని సిగ్గేసింది.
చివరికి కిటికీలోంచి నా బండి వెనక దీపం చూపించాను,
మంచు పేరుకున్నాక కూడా
లోపల్నించి వెలిగే ఆ ఎరుపు.
"అదా! దాని కింద వెండి పొయ్యాలి," అన్నాడు,
"వెలుతురు అడుగునుంచి రావాలి."

నీళ్ళు చల్లి గరుకు కాగితంతో రుద్దుతుంటే
నలుపు పోయింది.
నలుపు కింద నీలం.
నీలం కింద నాచు పట్టినట్టు ఆకుపచ్చ,
దాని మీద
నూలుపోగంత పసుపు గీత.
ఆర్నీ చెయ్యి ఆగింది.
నుదుటి మీది కళ్ళజోడు కిందికి దింపాడు.
"ఇది నాది."

డెబ్బై తొమ్మిదిలో గీశాట్ట, పందొమ్మిదేళ్ళప్పుడు.
బండి ఎవరిదో గుర్తులేదు. గీత గుర్తుంది.
నేను కొన్నది ఒక పశువుల డాక్టరమ్మ దగ్గర,
ఆవిడ ఎవరి దగ్గర కొందో, వాళ్ళు ఎవరి దగ్గరో.
కుడివైపు కాటుక దిద్దినట్టుంది.
ఎడమవైపు, మూత పక్కన,
చిన్న వణుకు.

"ఫోన్ మోగింది," అన్నాడు.
ఎవరు చేశారో చెప్పలేదు.
నేనడగలేదు.

"ఆ ముక్క అలాగే ఉంచేద్దాం" అన్నాను.
వేరేవాళ్ళ తప్పుని ముద్దుచెయ్యడం
కొనేవాళ్ళకి తేలిక.
"నువ్వు తోసిన రోడ్డు మీద
మంచుగుట్ట మిగిలిపోతే ఉంచేస్తావా?"
మళ్ళీ నీళ్ళు చల్లాడు.
నాలుగు రుద్దుల్లో
నలభై ఐదేళ్ళుగా మోగుతున్న ఫోను
ఆగిపోయింది.

తర్వాత వెండి. వెండి మీద ఎరుపు,
గాజు పేపరంత పల్చగా, ఏడు పూతలు.
పూత పూతకీ ఆరబెట్టడం,
ఆరనీ ఆరనీ అంటూ నన్ను ఇంటికి పంపెయ్యడం.
మార్చిలో కబురొచ్చింది: గీతలు ఇవాళ.

ఉడతతోక వెంట్రుకల కుంచె, కత్తి ఆకారం.
పాత టెలిఫోన్ డైరెక్టరీలో పేజీ తెరిచి
అటూ ఇటూ దువ్వాడు.
ఎవరెవరివో ఇంటిపేర్ల మీద దంతపు రంగు.
చిటికెనవేలు ట్యాంకు మీద ఆనించాడు.
చెయ్యి తిరిగినవాడంటారు గాని
తిరిగింది చెయ్యి కాదు. మణికట్టు బిగుసుకునే ఉంది.
నడుం తిరిగింది, మోకాళ్ళు తిరిగాయి,
ఆ మనిషే మెల్లిగా
ట్యాంకు చుట్టూ నడిచాడు.
వెనకాల గీత పడుతూ వచ్చింది.

ఎడమవైపు, మూత పక్కన,
కుంచె ఎత్తేశాడు.

షెడ్డులో హీటరు చప్పుడు తప్ప ఏమీ లేదు.
ఫోను అసలే లేదు, ఎప్పుడో పీకించేశాడు.
అయినా తల కొంచెం పక్కకి వంచి
కాసేపు విన్నాడు.
తర్వాత ఊపిరి వదిలి
వదిలినచోటే కుంచె దించాడు.

దీపం దగ్గరికి తీసుకెళ్ళి వెతికాను.
ప్లో అంచు తారు మీద అంగుళం తప్పినా
పట్టుకునే కళ్ళు నావి.
అతుకు దొరకలేదు.

డబ్బు రెండుసార్లు లెక్కపెట్టాడు.
ఒక ఇరవై తీసి నా చేతిలో పెట్టాడు.
"ఇదేంటి?"
"ఎడమవైపుది," అన్నాడు కుంచె కడుక్కుంటూ,
"అప్పుడు నేను పూర్తి డబ్బు తీసుకున్నాను."