మూన తిరిగేదాకా

తొమ్మిదో రోజు.
ఫోను నన్ను ఒప్పుకోలేదు.
ముఖం ఎదురుగా పెడితే
ఎవరు నువ్వంది, అంకెలు కొట్టమంది.

రెండు దిళ్లకి ఆనుకుని కూర్చునే నిద్ర.
పక్కకి ఒత్తిగిలితే
బుగ్గలో పోసిందంతా జారిపోతుందని భయం.
బిగించి కట్టిన పొట్టదే ఎక్కువ నొప్పి.
తీసిన చోటు ఏడుస్తుంటే
పెట్టిన చోటు మొద్దుబారి ఊరుకుంది.

"సగమే నిలుస్తుంది," అన్నాడు సిరియా డాక్టరు,
"మిగతా సగం ఒళ్లే తాగేస్తుంది.
మూడు నెలలు ఆగితేగాని తెలీదు."
ఆయన అరబ్బీ, నర్సు మలయాళం, నా హిందీ
కలిసి అంతవరకూ నడిచాయి.
మూన తిరగాలన్నమాట,
అని నాకు నేనే తెలుగులో చెప్పుకున్నాను.

ఆచంట చేలల్లో మోకాలిలోతు బురదలో
నారు పీకి నాటిన చేతులివి.
ఊడ్చిన వారం ఏ చేనూ పచ్చగా ఉండదు.
పసుపెక్కి, తలవాల్చి,
చచ్చిందేమో అనిపిస్తుంది.
ఆ వారం మా కామందు
గట్టు దిగనిచ్చేవాడు కాదు ఎవర్నీ.

"ఎందుకు చేయించుకున్నావే?" అంటుంది మరియమ్మ
పై మంచం మీంచి తల వేలాడేసి.
"నాలుగొందల ఎనభై దీనార్లు!
రెండు పాడిగేదెలొచ్చేవి."
చెప్పలేదు.
పద్నాలుగేళ్లు పళ్లతో దారం కరిచి
ఒకరి కనుబొమ్మల మీదికి వంగాను.
పడుకున్న వాళ్లకి కిందనుంచి కనబడేది
గుంటలు పడ్డ నా బుగ్గలే.
ఒకామె గట్టిగా కళ్లు మూసుకుంది,
అప్పటికింకా దారం పెట్టనేలేదు.
అదొక్కటే కాదు. మిగతావి నావి.

ఇవాళ లబన్ అయిపోయింది.
పక్కగది సుడానీ ఆమె నిఖాబు అడిగి తొడుక్కుని
బకాలాకి దిగాను.
దుమ్ముగాలి. ఫర్వానియా మీద
ఎవరో శనగపిండి జల్లించినట్టుంది.
రోజూ "జల్దీ బోలో" అనే మొయిదీను
లేచి నిలబడి "తఫద్దలీ" అన్నాడు.
నోరు విప్పకుండా డబ్బా చూపించాను.
నవ్వొచ్చింది. నవ్వితే
చెవి పక్కన కుట్టు లాగింది.
చిల్లర అందుకుంటుంటే
వేలి మీద దారం కోసిన గీతలు చూశాడు.
"వజ్రం? బుఖార్ హై క్యా?"
తల ఊపాను, అవుననో కాదనో.
అతను మళ్లీ కూర్చున్నాడు.

తలుపేసి ముసుగు తీశాను.
నేరేడు రంగు దిగిపోయి
కళ్లకింద పసుపు పాకుతోంది.
ఎడమ బుగ్గ కుడిదానికంటే పెద్దది.
గవదబిళ్లలొచ్చినప్పుడు ఇలాగే ఉండేదాన్ని.
అక్క రెండు రోజులు పగలబడి నవ్వింది.
అక్క లేదిప్పుడు.
ఉంటే ఇంకో రెండు రోజులు నవ్వేది.

తాకొద్దన్నారు.
తాకలేదు. వేలు దగ్గరదాకా తీసుకెళ్లి
వెచ్చదనం తగిలే చోట ఆపాను.
కాసేపు అలాగే ఉన్నాను,
గట్టు మీద కూర్చున్నట్టు.

లబన్ చెంచాతో తాగాను.
ఫోను మళ్లీ అడిగింది ఎవరని.
అంకెలు కొట్టాను.