జూలై ఒకటి

మణుగూరు బోరు రాయి, నాలుగు వందల పన్నెండో మీటరు.
బొగ్గు పొరకి కాస్త పైన, బూడిదరంగు షేలు.
పోలారావు దాన్ని రోట్లో నలగ్గొడతాడు
శనగగింజంత చాలు,
మరీ పిండి చేస్తే లోపలివాళ్ళు చితికిపోతారని
నాకు ముందు ఇక్కడ చదివినవాళ్ళకీ అతనే చెప్పాడట.

తర్వాత ప్లాస్టిక్ బీకరు. గాజునే తినేసే యాసిడ్ కదా.
రెండు రోజులకి రాయి కరిగిపోతుంది.
కరగనిది అడుగున మిగులుతుంది
నశ్యంలా, చిటికెడు.
అందులో ఉంటారు
ఒంటి నిండా గీతలు, చెరో పక్కా గాలిసంచి,
ఏ కొమ్మ మీంచి లేచారో ఆ చెట్టు జాతే ఇప్పుడు లేదు.

"ఎన్నేళ్ళమ్మా ఈలకి?"
ఇరవై ఐదు కోట్లు, అటూ ఇటూ ముప్పై లక్షలు, అన్నాను.
"అటూ ఇటూయే ముప్పై లచ్చలా!"
రేవులో చేపల బేరానికైనా అంత తేడా రాదన్నట్టు నవ్వాడు.

ఒక్క రేణువుని అడిగితే చెప్పదు పోలారావ్.
ఇది పోకముందు, అది వచ్చాక,
ఇంకోటి ఇంకా రాకముందు
ముగ్గురూ ఒక గుప్పిట్లో ఉన్న కాలమేదో
అదే రాయి వయసు.

బీకరు కడుగుతున్న చెయ్యి ఆగింది.
"మా యమ్మ లెక్కా అదేనమ్మా.
పెద్దగాలికి ముందల, రేవులో మరబోటు దిగినాక,
మామ్మ ఉండగా, చిన్నాన్న పెళ్ళవకుండా
నాను పుట్టేనంట.
బడిలో మేష్టారు అదేటీ రాయనేదు.
జూలై ఒకటి అనేసేరు. అందరికీ అదే."

జాలారిపేటలో ఆ ఏడు బడికొచ్చిన పిల్లలంతా
ఒకే రోజు పుట్టారు.

గ్రాఫు కాగితం మీద నాలుగు గీతలు గీశాను,
గాలి, బోటు, మామ్మ, పెళ్ళి.
నాలుగూ కలిసి నడిచిన చోట
రిజిస్టరు కంటే ఏడాదిన్నర చిన్నవాడు.
ఆఫీసులో చూపించాను.
గ్రాఫు బాగుందన్నారు.

ఈ ఊరి రాళ్ళని ఇలా అడగలేం.
కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్, మా డిపార్ట్‌మెంటు మెట్ల కింది బండ,
అన్నీ పుప్పొడి అనేది పుట్టకముందే
భూమి లోతున ఉడికి గట్టిపడ్డవి.
ఎర్రటి గార్నెట్లు చూపిస్తాయి, అంతే.

మార్చిలో ఒక స్లైడులో
ఆ గాలిసంచుల మధ్య ఎవరో కొత్తవాడు.
మూడు రంధ్రాలు, తేట పసుపు.
సరుగుడు!
కిటికీ ఎవరు తీశారని కేకలేశాను.
ఫ్యాను ఆగింది, కళ్ళు మండాయి, తనే తీశానన్నాడు.
కాసేపయ్యాక మెల్లగా,
"మరిది ఏనాటిదమ్మా?"
ఈ మార్చిది.
"అటూ ఇటూ?"
అటూ లేదు, ఇటూ లేదు.
ఆ స్లైడు పారేయాలి. పారేయలేదు.

జూన్ ముప్పై.
శాలువా మడత విప్పకుండానే చంకలో పెట్టుకుని
తాళాలు బల్ల మీద ఉంచి
గుమ్మం దాకా వెళ్ళినవాడు
వెనక్కొచ్చి
కిటికీ గడియ ఒకసారి లాగి చూసి
వెళ్ళాడు.