సదరు

లివర్‌పూల్‌లో ఫిబ్రవరి వాన
కురవదు, అలా వేలాడుతుంది.
దాన్ని దులుపుకుని పదింటికల్లా వస్తుంది ఫినోలా గెరటీ.
పెన్ను నా బల్ల మీద వదిలి, పెన్సిలు చెక్కుకుని
కిటికీ పక్క ఆరో నంబరు కుర్చీలో కూర్చుంటుంది.

నా పని పెట్టెలు మోసుకురావడం.
పద్దెనిమిది వందల నలభై ఏడు,
రేవు పక్క చర్చిలో పాతిపెట్టిన వాళ్ళ రిజిస్టరు.
తోలు అట్ట ముట్టుకుంటే చేతులకి ఎర్రటి పొడి.
ఇంటికెళ్ళి అన్నం కలుపుకునే ముందు రెండుసార్లు కడుక్కుంటాను.

ఆమె ముత్తవ్వ ఈ రేవులోనే దిగిందేమో అనుకున్నాను.
అడిగితే నవ్వింది: "మావాళ్ళు కదల్లేదమ్మా,
కదలడానికైనా చార్జీ డబ్బులుండాలి కదా."

గ్లాస్గోలో ఒక ప్రొఫెసరుతో పదిహేడేళ్ళ తగువు.
అతను లెక్క తేల్చేశాడు, గ్రాఫు గీశాడు,
గీత లేచి వంగిన చోట పుస్తకం ముగించాడు.
"లెక్క తప్పని నేననను," అంటుంది.
"మంచివాడే. పేజీ తిప్పడం మటుకు తొందర."

ఆ పేజీ నాకూ చూపించింది.
మొదటి వరస: పేరు తెలియదు, ఆడపిల్ల, ఐరిష్, జ్వరం.
దాని కింద రెండు చిన్న గీతలు.
వాటి కింద రెండు.
పేజీ అడుగుదాకా పిచ్చుక నడిచి వెళ్ళినట్టు.
గుమాస్తాకి చెయ్యి నొప్పెట్టి ఉంటుంది పాపం,
లేదా భోజనాల వేళయి ఉంటుంది.

ఆమె తన నోటుబుక్కులో గీతలు పెట్టదు.
పేరు తెలియదు, ఆడపిల్ల, ఐరిష్, జ్వరం.
పేరు తెలియదు, ఆడపిల్ల, ఐరిష్, జ్వరం.
రోజుకి నాలుగు పేజీలు దాటదు.
దీన్ని ఏ పత్రికా అచ్చు వెయ్యదని తెలుసు.

ఆ ఫిబ్రవరికి మా లెక్కలో పరాభవ నామ సంవత్సరం అని చెప్పాను.
ఏళ్ళకి పేర్లా, అంది పెన్సిలు ఆపి.
అరవై ఉన్నాయి, తిరిగి తిరిగి వస్తాయి.
అంతకు ముందు నందనలో
గుంటూరు సీమ జనం ఆకులూ అలములూ తిన్నారు.
నందన అంటే?
సంతోషం ఇచ్చేది అన్నాను. కూతురు అని కూడా.
ఆమె చాలాసేపు వాన వైపు చూసింది.

"మరి ఈ రెండు గీతల్ని మీవాళ్ళేమంటారు?"
కరణాల దస్త్రాల్లో అయితే సదరు.
సదరు గ్రామం, సదరు రైతు, సదరు బాకీ.

రెండుసార్లు పలికి చూసి, నోటుబుక్కు అంచున
తనకి వినబడ్డట్టే రాసుకుంది: సాడెరూ.
ఆ గుమాస్తా కూడా, ఎదురుగా నిలబడ్డ గొంతుని
తన చెవి పట్టినంతే రాసినవాడు.

ఐదు కొట్టింది. పెట్టె మూశాను.
దిద్దుదామని వంగి, దిద్దలేదు.