బాకీ

పరదాలు కుట్టిచ్చి నెలన్నర.
నక్కలగుట్టల, సెల్‌ఫోన్ల దుకాణం మీద
మొదటి అంతస్తుల చైనా హోటల్.
పదకొండు పరదాలు, ఆరు ఏప్రాన్లు.
ఎనిమిది వందలు రావాలె.
ఫోన్ జేస్తే రేపక్కా,
రేపు జేస్తే ఎల్లుండక్కా.
ఇయ్యాల కొత్తవాడల షాపు షట్టర్ గుంజి
నస్రీన్‌ను బండెనుక కూసోబెట్టుకొని పోయిన.

గల్లపెట్టె తీసి చూపిచ్చిండు విద్యాసాగర్:
చిల్లర, ఒక తాళంచెవి, జండూబామ్ డబ్బి.
"పైసలు లెవ్వక్కా. కూసోండి, తినుండ్రి.
తిన్నకాడికి కొట్టేసుకో."

బాకీ ఎగ్గొట్టినోళ్లను మస్తుగ జూసిన.
బాకీని తినుడు ఇదే మొదలు.

నేను కుట్టిన పరదా పక్కకే కూసున్నం.
కింద అంచు ఒక్కకాడ గుంజుకపోయింది.
దారం బిగువైంది, నా తప్పే.
నస్రీన్ జూసింది,
జూడనట్టు గోడ మీది డ్రాగన్‌ను జూసింది.

వెదురుబుట్టల ఆరు వచ్చినయి.
మూత దీస్తే పొగ. కండ్లద్దాలు తెల్లగైనయి.
కొంగుతోటి తుడుసుకొని
ముందుగాల లెక్కబెట్టిన, కుచ్చిళ్లు.
ఒకదానికి పదిహేడు, ఇంకోదానికి పద్దెనిమిది.
గింత పిండిబిళ్లకు గన్నా!
పెండ్లిపిల్ల లంగాకు గూడ నేను గన్ని వెయ్య.
నెత్తి మీద మెలిదిప్పి వదిలేసిండు,
సూది లేదు, ముడి లేదు.

"పైలమక్కా, లోపట సూపున్నది."

కుడుముల పప్పును ఎరుగుదు,
గరిజెల కొబ్బరిని ఎరుగుదు.
నీళ్లను మూటగట్టినోన్ని ఎన్నడు జూడలే.
నమ్మక, నిండుగ కొరికిన.
నాలిక సుర్రుమన్నది.
గదువ మీదికెల్లి కారి జాకెట్ మీద పడ్డది,
కిందటి వారం కుట్టుకున్న జాకెట్.

నస్రీన్ నవ్వలే, పెదవి గరుసుకున్నది.
మండిబజార్ల కోసిన కోడేనా అని
రెండుసార్లు అడిగినంకనే చెంచ వట్టింది.
చెంచల కూసోబెట్టి, అంచుకు సన్నగ పొక్క వొడిసి,
కండ్లు మూసుకొని పీల్చింది.
రెండేండ్ల సంది నా కాడ పని నేర్చుకుంటున్న పిల్ల.
కాజా కుట్టుమంటే వంకర వోతది,
దీంట్ల మాత్రం నాకు గురువైంది.

వంటాయన బయటికొచ్చిండు, నా ఏప్రాన్ల.
ప్రబిన్ అట. కాలింపాంగ్ అట.
చైనా నువ్వు జూసినవా అంటే
"నేనేడ జూసిన దీదీ, చెన్నైల నేర్చిన" అన్నడు.
సూపు లోపటికెట్ల వోయిందయ్యా?
"కోడికాళ్లు ఉడకబెట్టి, రాత్రంత ఫ్రిజ్జుల పెడ్త.
గడ్డగడ్తది. కోసి కీమల కలిపి సుడ్త.
ఆవిరి తాకితే కరుగుతది, గంతే."

గంతే.
మా ఇంట్ల కాళ్ల షోర్వ మిగిలిన తెల్లారి
గిన్నె కదిలిస్తే బొద్దుగ ఊగే ఆ గడ్డ!
ఇరవై ఏండ్ల సంది జూస్తున్న.
పొయ్యి మీద పెట్టి కరగబెట్టుడే గని
పట్టుకొని సుట్టొచ్చన్న సోయి ఒక్కనాడన్న రాలే.
ఇంకో బుట్ట తెమ్మన్న.

ఆ లోపు నూడుల్స్ వచ్చినయి,
చిక్కువడ్డ పోగుల కుప్ప.
కొస దొరకలే. నోటికందినకాడ పంటితోటి కొరికిన.
"తెంపొద్దక్కా, అవి ఆయుష్షట!"
గల్లపెట్టె కాడికెల్లి విద్యాసాగర్ మొత్తుకున్నడు.
పొద్దందాక దారాలు తెంపేదే నా పని నాయిన,
ఆయుష్షైతే ఇంతదనుక ఉందునా?

రెండో బుట్ట వచ్చేలోపు
పుస్తెలతాడు పిన్నుకున్న సూది దీసి
పరదా అంచు విప్పి మళ్ల కుట్టిన.
నస్రీన్ లైటుకు అడ్డం జరిగి కూసున్నది,
ఎవ్వరికి కనవడకుంట.

ఆరొందల అరవై అయింది.
విద్యాసాగర్ చిల్లర లెక్కబెట్టవోతుంటే
ఉండనీ అన్న.
పద్దుల పుస్తకంల రాసుకున్న:
చైనా, నూటనలభై.

ఎమ్‌జీఎం కాడ సిగ్నల్ పడ్డది.
నాలిక ఇంక మండుతనే ఉన్నది.
ఎనుకకెల్లి నస్రీన్:
"నూటనలభైకి ఎన్నొస్తయక్కా?"
ఒక్కోటి నలభై. మూడున్నర.
చానసేపు ఏం మాట్లాడలే.
పచ్చలైటు వెలిగినంక అడిగింది:
"ఆ సగాన్ని ఎట్ల ఇస్తరక్కా,
సూపు కారిపోదా?"